ఇసుక మూట

చెల్లెలు సంచిలో తువ్వాలు, బూట్లు, నీళ్ల సీసా సర్దుతోంది. అక్క వ్యాయామశాలకు బయలుదేరుతోంది.

“అరవై ఎనిమిదేళ్లకి బరువులెత్తడమేంటక్కా? నడుం పట్టేస్తే?”

“పట్టేసిన నడుమే వదిలింది. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నేల మీంచి లేస్తున్నాను.”

“ఇవాళ మీ మాస్టారు ఏం ఎత్తిస్తారు?”

“ఎత్తడం కాదు. ఇసుక మూటని దుప్పటి మీదేసి గుమ్మందాకా లాగాలి. నలభై కిలోలైంది, యాభై రెండు కావాలి.”

“యాభై రెండే ఎందుకు?”

“నీ బరువు. కాస్త తిండి తగ్గిస్తే నాకూ తేలిక.”

“నేనెందుకు పడిపోతానక్కా?”

“మీ బావా అదే అన్నారు. స్నానాలగదిలో పడితే కదపలేకపోయాను. పక్కింటివాళ్లు వచ్చేసరికి గంటైంది.”

చెల్లెలు సంచి అందించింది.

“రేపట్నించి ఒక ముద్ద తగ్గిస్తాలే.”

అలా పడిన రోజే, నాలుగేళ్ల కిందట ఓ గురువారం ఉదయం, అక్క భర్తని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన తిరిగి రాలేదు.