తూర్పు బాత్రూం

మొయినాబాద్‌లో లేడీ డాక్టర్ గదిలోంచి ఆమె బయటికొచ్చేసరికి, మొగుడు ఫోన్‌లో మేస్త్రీని రమ్మంటున్నాడు. వారం రోజులుగా దురదతో నిద్రలేని మనిషికి ఒళ్లు మండింది.

"మేస్త్రీ ఇప్పుడెందుకు?"

"తూర్పు బాత్రూం కూలగొట్టనీకి. ఈస్ట్ ఇన్ఫెక్షన్ అని డాక్టరమ్మ అంటుంటే తలుపుకాడ విన్న. వాస్తు తేడా ఉన్నదని నేను ముందే అనుకున్న."

"గా ఈస్ట్ తూర్పు గాదు. బూజు లెక్కటిది, అందరి ఒంట్ల ఉంటదట. ఉత్త జలుబుకు యాంటీబయాటిక్ గోలీలు మింగితే మంచి క్రిములు చచ్చి ఇది పెరిగిందన్నది."

"గా గోలీలు ఏ తెలివితక్కువోడు ఇచ్చిండు?"

"మెడికల్ షాపుకెళ్లి నువ్వే తెచ్చిస్తివి."

అతను ఫోన్ దించాడు.

"అయితే మేస్త్రీని వద్దనాల్నా?"

"రానియ్యి. మందులయ్యేదాంక నువ్వు దూరం పండుకోవాల్నట. నీకో వేరే రూం కట్టిపిద్దాం, నీకు నచ్చిన దిక్కుల."