నూటపదిహేడు మంగది

“మామ్మా, మా బడిలో పిల్లలకి మళ్ళీ నోటి లెక్కలు నేర్పమంటున్నారు. మీ చిన్నప్పుడు ఎలా నేర్పేవారో చెప్పవా? ఫోనులో రికార్డు చేసుకుంటాను.”

చేసుకో. మళ్ళీ అన్నావు చూడు, ఆ మాట నేను వినడం ఇది రెండోసారి. మా కొల్లేటి లంకలో కూడా అప్పుడు మళ్ళీ అనే మొదలైంది. నాకు పదేళ్ళు. కాదు, పదకొండు. మా చిన్న తమ్ముడు పుట్టిన ఏడు కదా, పదకొండే.

అంతకు ముందు మా లంకలో వీధిబడి ఉండేది. పంతులు గారికి రెండు కళ్ళూ కనబడవు. పలక లేదు, బలపం లేదు, అంతా నోటితోనే. తర్వాత బోర్డు స్కూలు వచ్చింది. పలకలొచ్చాయి. పలక రెండణాలమ్మా అప్పట్లో, దానికోసం మా అమ్మ ఎన్ని ఎండుచేపలు అమ్మిందో నాకు తెలుసు. పలకలొచ్చాక పంతులు గారిని ఇంట్లో కూర్చోబెట్టేశారు. మూడేళ్ళు గడిచేసరికి మా పిల్లలకి పలక చేతిలో లేకపోతే ఏడూ ఎనిమిదీ కలపడం రాదు. ఏలూరు నుంచి చేపలకొచ్చే బేరగాళ్ళు నోటితో గబగబా ఏదో అనేసి బుట్టలు ఎత్తుకుపోతుంటే మావాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. కడుపు మండదూ మరి?

అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి ఒక కుర్ర మేష్టారు వచ్చారు. మంచివాడు పాపం, దోనె ఎక్కితే వణికేవాడు. ఆయనే పంతులు గారి ఇంటికి వెళ్ళి, రోజూ మధ్యాహ్నం ఒక గంట మా పిల్లలకి మళ్ళీ పాత లెక్కలు చెప్పండి అని బతిమాలి తీసుకొచ్చారు. పంతులు గారు వస్తూనే ఏమన్నారో తెలుసా? “పలక పగిలితే పలక మీది లెక్క పోతుందర్రా. తల పగిలేదాకా నోటి లెక్క పోదు.”

మా నాన్న నన్ను బడికి పంపింది ఆ గంట కోసమే. ఉన్నమాట చెప్పుకోవాలిగా. “ఆ గంట ఉన్నన్నాళ్ళు వెళ్ళు. అది ఆగిపోయిననాడు నువ్వూ మాతోపాటు చేపల పనికే” అన్నాడు. రెండు నెలల్లో నేను దోనెలో చేపల్ని పుంజీల లెక్కన, నాలుగేసి చొప్పునన్నమాట, చూపుతోనే ఎంచేసేదాన్ని. బేరగాడు నన్ను చూసి, ఈ పిల్లని ఒడ్డున దింపితేగానీ బేరం చెయ్యనన్నాడు. మా నాన్న దింపలేదు.

ఏం చెబుతున్నాను? ఆఁ, హాజరు. పంతులు గారికి కళ్ళు లేవు కదా, ఎవరొచ్చారో ఎలా తెలియాలి? అందుకని మమ్మల్ని గోడ వారన వరసగా కూర్చోబెట్టి పదమూడో ఎక్కం చెప్పించేవారు. ఒక్కొక్కరికి ఒక్కటే అంకె. మొదటివాడు పదమూడు, రెండోవాడు ఇరవయ్యారు, అలా. అందరం కళ్ళు మూసుకోవాలి. చివరి అంకె వినగానే ఎంతమంది ఉన్నారో ఆయనకి తెలిసిపోతుంది. మేము పదిహేనుమందిమి. నూటతొంభయ్యయిదు వినబడితే, “పదిహేనుమందీ వచ్చారు” అనేవారు.

ఇక్కడే మేము తప్పు చేశాం. ఎవరైనా రాకపోతే వెనకవాళ్ళు ఒక్కో మెట్టు దిగి చెప్పాలి కదా? మేము చెప్పేవాళ్ళం కాదు. రోజూ అదే చోటు, అదే అంకె. అది మా నాలుకలకి అంటుకుపోయింది. రానివాళ్ళ అంకె దగ్గర ఊపిరి పీల్చినంతసేపు ఆగి, తర్వాతవాళ్ళు ఎవరి అంకె వాళ్ళు అనేసేవారు. పంతులు గారు ఆ ఖాళీని కూడా విని, ఎవరు రాలేదో పేరుతో సహా చెప్పేవారు. అందుకని ఆయనా దిద్దలేదు.

నాది పదో చోటు. నూటముప్ఫై. నా పక్కన తొమ్మిదో చోటు మంగది. నూటపదిహేడు. చివర కాస్త సాగదీసి అనేది, వల లాగినట్టు.

ఆ ఏడు తమ్మిలేరు పొంగి కొల్లేట్లోకి ఎర్రనీళ్ళు వచ్చాయి. మంగ, వాళ్ళ నాన్న కిక్కిస గడ్డి కోసుకురావడానికి వెళ్ళారు. దోనె తిరగబడింది. వాళ్ళ నాన్న దుబ్బులు పట్టుకుని బయటపడ్డాడు. మంగ దొరకలేదు. మనిషీ దొరకలేదు, గుడ్డపీలికా దొరకలేదు. లంకలో మగాళ్ళందరూ మూడు రోజులు వెతికారు.

వాళ్ళమ్మ అప్పాయమ్మత్త కర్మ చెయ్యనివ్వలేదు. నా పిల్ల పోయిందని మీకెవరు చెప్పారు అని అడిగేది. గట్టిగా కూడా అడిగేది కాదు.

మళ్ళీ బడి తెరిచారు. వరస మొదలైంది. ఎనిమిదో చోటు సూరిగాడు నూటనాలుగు అన్నాడు. తర్వాత ఆగింది. ఆ ఆగడంలో గోడవతల నీళ్ళ చప్పుడు వినబడింది. నేను నూటముప్ఫై అన్నాను. అది నూటతొంభయ్యయిదు దాకా వెళ్ళిపోయింది. పంతులు గారు ఆ ఖాళీ వైపు మొహం తిప్పారు. తర్వాత, “పదిహేనుమందీ వచ్చారు” అన్నారు.

ఆయనకి తెలీకనా? ఊరంతటికీ తెలుసు. మేష్టారు అడిగితే, “ఆ పిల్ల లేదని వాళ్ళమ్మ చెప్పిననాడు తీసేద్దామండి” అన్నారట.

అప్పట్నుంచి అప్పాయమ్మత్త రోజూ మధ్యాహ్నం వచ్చి బడి కిటికీ బయట నిలబడేది. నూటనాలుగు తర్వాత ఆ ఖాళీ వినేది. వినేసి ఇంటికి వెళ్ళిపోయేది. మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతుంటే కూడా నాకు ఎడమపక్క చల్లగా ఉండేది. ఆ చోట చాప ఖాళీగానే ఉండేది, ఎవరమూ జరిగేవాళ్ళం కాదు.

ఇంతలో ఏలూరు నుంచి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. కళ్ళు లేని ముసలాయన చేత పాత లెక్కలు చెప్పించడమేమిటి, ఉంచాలా తీసెయ్యాలా చూస్తానన్నారట. ముందురోజు మేష్టారు నన్ను పక్కకి పిలిచారు. “సుబ్బులూ, రేపు నువ్వు నూటపదిహేడు అను. నీ వెనకవాళ్ళకీ ఒక్కో మెట్టు దిగమని చెప్పాను. నూటయెనభైరెండుతో ముగుస్తుంది. పద్నాలుగుమంది, పద్నాలుగు మెట్లు. లేకపోతే ఈ గంట ఉండదు తల్లీ.”

గంట లేకపోతే నా చదువూ ఉండదు. నాకు తెలుసు. ఇంటికి వెళ్ళేదాకా నూటపదిహేడు, నూటపదిహేడు అనుకుంటూనే వెళ్ళాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. అప్పాయమ్మత్త కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. మేము కళ్ళు మూసుకున్నాం. సూరిగాడు నూటనాలుగు అన్నాడు. నేను నోరు తెరిచాను.

అప్పటికే ఎవరో అనేశారు.

నూటపదిహేడు. గట్టిగా కాదు. కిటికీ వైపు నుంచి కాదు. నా ఎడమపక్క నుంచి, కూర్చున్న పిల్ల నోరు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు నుంచి. చివర సాగదీసి.

నా నోట్లోంచి నూటముప్ఫై దానంతటదే వచ్చేసింది. వెనకవాళ్ళూ పాతదారిలో వెళ్ళిపోయారు. పంతులు గారు పదిహేనుమందీ వచ్చారన్నారు. ఇన్‌స్పెక్టరు గారు లేచి బెత్తంతో తలలు లెక్కపెట్టారు. పద్నాలుగే. “నూటపదిహేడు అన్నదెవరు?” అని అడిగారు.

చూశావా, ఆయనే అడిగారు. వినకపోతే అడగరుగా? నాకు మతి పోయిందన్నవాళ్ళకి నేను ఇదే చెబుతూ వచ్చాను.

ఎవరో ఒకరే రెండు అంకెలు చెప్పి మోసం చేస్తున్నారని, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. సూరిగాడు నూటనాలుగు అన్నాడు. ఆగింది. నా పక్కన ఖాళీ చాప. మేష్టారు నన్నే చూస్తున్నారు. కిటికీలో అప్పాయమ్మత్త కూడా నన్నే చూస్తోంది. నూటపదిహేడు నా నాలుక చివరే ఉంది. అది అనేస్తే అయిపోయేది. గంట ఉండేది, నేను చదువుకునేదాన్ని, మీ నాన్నకి నేనే ఓనమాలు దిద్దించేదాన్నేమో.

నూటముప్ఫై అన్నాను.

భయపడి కాదమ్మా. ఇందాకే మంగ వచ్చి తన మెట్టు మీద కాలుపెట్టి వెళ్ళింది. దాన్ని నేనెలా తొక్కను?

పద్నాలుగుమందిని పదిహేను అనేవాడు లెక్కల పంతులేమిటి అని రాసి వెళ్ళిపోయారు ఆ పెద్దమనిషి. గంట ఆగిపోయింది. ఆ వారమే నేను చేపల పనిలోకి దిగాను. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఎవరిమీదంటే చెప్పలేను.

ఆ సాయంత్రమే అప్పాయమ్మత్త మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. “పక్కన కూర్చున్నదానివి. గొంతు దానిదేనా?” అని అడిగింది.

“దానిదే అత్తా” అన్నాను.

“ఏడుస్తున్నట్టుందా?”

“లేదత్తా. ఎప్పట్లాగే ఉంది.”

తలూపింది. మర్నాడు పొద్దున్న మంగ గాజులు, పసుపూ కుంకుమా తామరాకులో పెట్టి కొల్లేట్లో వదిలింది. కర్మ చేయించింది. మళ్ళీ బడి వైపు రాలేదు. నేను నిజమే చెప్పానో, ఆవిడ కోసం చెప్పానో, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. ఒక్కోసారి ఒక్కోటి అనిపిస్తుంది.

నేర్పు తల్లీ, తప్పకుండా నేర్పు. మంచి చదువది, నా కడుపు నింపింది. కానీ ఒక్కమాట. పిల్లల్ని వరసలో కూర్చోబెడితే రోజూ చోట్లు మార్చు. ఎవరికీ ఒకే అంకె అలవాటు చెయ్యకు. మనిషి లేచి వెళ్ళినా అంకె లేవదు.

ఇక ఆ ఫోను ఆపు. నీ బడికి పొద్దున్న ఎంతమంది వస్తారో అంతమందీ సాయంత్రానికి ఇళ్ళకి చేరాలమ్మా. నీకు నేనిచ్చే దీవెన అదే.