కొండ చుంచులు

1966. అండమాన్ దీవుల్లో తుష్నాబాద్ దాపున, కొండవాలులో కొత్తగా కట్టుకున్న ఇల్లు. మధ్యాహ్నం. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి స్థిరపడిన నూకయ్య, అతని భార్య కామమ్మ.

"మెల్లగా మావా, మెల్లగా. అరిస్తే పాప లేస్తాది."

"ఆ ఆకులో ఏటే తెచ్చావు? అబ్బ, కంపు! పారెయ్."

"సుంచు. సూడు, బొటనేలంత లేదు. వెదురు దోనె జరిగిపోయి నీళ్ళు రావట్లేదు. పాప పడుకుంది గదా అని కొండెక్కాను. ఊట కాడ పదో పన్నెండో సచ్చి పడున్నాయి."

"ఏ పిల్లో సంపుంటాది."

"సుంచుని పిల్లి ముడతాదా? గాటు కూడా లేదు. అన్నిటికీ మూతులు నీళ్ళలోనే."

"అయితే ఎలకల మందు తినుంటాయి. వరిలో పెట్టాను గదా."

"ఇవి కొండ దిగవంట మావా. ఫారెస్టు భయ్యా సెప్పాడు. పైన రాళ్ళలోనే ఉంటాయంట, పురుగుల్నే తింటాయంట. నీ వరిలోకి ఎందుకొస్తాయి?"

"ఆడికేటి తెలుసు!"

"అరవకన్నానా? పైన కూడా పెట్టావా మందు?"

"పైన నాకేటి పని? లేదు."

"ఒట్టు?"

"ఒట్టే. మందంతా కిందే అయిపోయింది. ఖాళీ డబ్బా…"

"డబ్బా?"

"ఏటీ లేదు. అన్నం పెట్టు."

"డబ్బా ఏటి సేసావు మావా?"

"కడిగానే. కిరసనాయిలు పోసుకుంటావని నీకోసమే కడిగాను, నిన్న సాయంత్రం. మనూళ్ళో నూతికి దూరంగా, ఊరవతల కడిగేవాళ్ళం గదా. ఇక్కడా అలాగే, ఇంటికి దూరంగా…"

"ఎంత దూరం?"

"శానా దూరమే."

"ఎక్కడ?"

"పైన. ఊట కాడ."

"అమ్మో! ఆ ఊట నీళ్ళే గదా దోనెలో పడి మనింటికొచ్చేవి!"

"మనూరంతా బల్లపరుపు గదే… దూరమైతే సాలనుకున్నాను. నాకు తట్టలేదు కామమ్మా. రాత్రికి రాత్రే కొట్టుకుపోయుంటాది. కొట్టుకుపోయుంటాది. నువ్వు తాగావా?"

"నాను నిన్నటి బిందెలోవే తాగాను."

"బతికించావు."

"పొద్దున దోనె జరక్కముందు ఒక్క సెంబు పట్టాను."

"ఆ సెంబేదీ? పారబొయ్యి!"

"పాపకి జావ కాసాను మావా."

"ఎంత తాగింది?"

"గిన్నెడూ తాగింది. తాగి పడుకుంది."

"పాపా! ఓ పాపా! లే తల్లీ! కామమ్మా… ఇందాకట్నుంచీ ఇంత అరుస్తున్నానే, పాప లేవలేదేటే?"