యంత్రం నోట్లో దూది

ఆపరేషన్ గదిలో బల్ల మీద ఆసుపత్రి వాచ్‌మన్ పడుకుని ఉన్నాడు. ఇంకా మత్తు ఇవ్వలేదు. మత్తు డాక్టరమ్మ తన యంత్రం వెనక్కి వంగి, అలారం మోగే చిల్లులోంచి వేలెడు దూది బయటికి లాగింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“ఇదేంటి బావా?”

“ఇక్కడ బావా గీవా వద్దన్నానా! దూది.”

“దూదని తెలుస్తూనే ఉంది, సర్జన్ గారూ. పెట్టిందెవరు?”

“నేనే. నిన్నంతా ఒకటే గోల. కత్తి పట్టుకున్నవాడికి మనసు నిలవద్దూ?”

“ఎందుకు గోల చేస్తోందో చూశారా?”

“చూడ్డానికేముంది? పాతది, దానికి ఏడుపు అలవాటు. మీ అక్కలాగా.”

“అక్క సంగతి ఇంటికెళ్లాక తేల్చుకుందాం. ఇది ఊరికే ఏడవదు. మనిషికి గాలి సరిగా అందకపోతేనే ఏడుస్తుంది.”

“నిన్న అందరూ బాగానే లేచారుగా!”

“నిన్న లేచారని ఇవాళా లేస్తారా? ఉండండి, మనిషికి బదులు ఈ రబ్బరు సంచికి గాలి పెట్టి చూస్తాను.”

సంచి ఉబ్బీ ఉబ్బకముందే యంత్రం కుయ్యిమంది.

“ఇదిగో, మళ్లీ అదే పాట!”

“పాట కాదు. ఇక్కడ చెయ్యి పెట్టండి, ఈ గొట్టం మడత దగ్గర.”

అతను పెట్టాడు. వేళ్లకు గాలి తగిలిందని అతని మొహమే ఆమెకు చెప్పింది. వాచ్‌మన్ వైపు చూసి గొంతు తగ్గించాడు.

“చీలిందే!”

“చీలిందని మొత్తుకుంటుంటే దాని నోరు నొక్కారు.”

“సరేలే, కొత్త గొట్టం వెయ్యి. ఆ దూది ఇలా ఇవ్వు.”

“మళ్లీనా బావా!”

“దానికి కాదు తల్లీ. ఇంటికెళ్లాక నా చెవులకి.”