తెలియక చేసిన పని

బెంజ్ సర్కిల్ దగ్గర లాయరు వెంకటకృష్ణారావు ఆఫీసు. ఎదురుగా, పటమటలో తన ఇంటి నుంచి వచ్చిన అతని అక్క సీతారావమ్మ. మైలవరం మామిడితోటలో బోరు మోటారు బాగుచేస్తూ ఆవిడ కొడుకు కిరీటి కరెంటు షాక్ కొట్టి పోయి నలభై రోజులైంది. స్విచ్ వేశాడన్న నేరం మీద పాలేరు ఆమోసు జైల్లో ఉన్నాడు. రేపు అతని బెయిలు విచారణ.

"సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పరా అంటే నీళ్ళు నములుతావేంటి?"

"పెడుదువుగానిలే అక్కా. ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

"నాకేం దాహంగా లేదు. రేపు వాడికి బెయిలు రాకూడదు. అంతే. నా బిడ్డని పొట్టన పెట్టుకున్నవాడు మళ్ళీ ఊళ్ళో తిరుగుతుంటే నేను చూళ్ళేను."

"తను స్విచ్ ముట్టుకోలేదంటున్నాడు ఆమోసు."

"అంటాడు. అనక చస్తాడా?"

"ఇరవై ఏళ్ళుగా మన తోటలో ఉన్నాడక్కా. కిరీటిని భుజానేసుకుని తిప్పినవాడు."

"అందుకేగా నా కడుపు మండేది!"

"కేసు వెనక్కి తీసుకుందాం."

"ఏంటీ?"

"కేసు..."

"ఒరేయ్ కృష్ణా! నువ్వు నా తమ్ముడివా, వాడి వకీలువా?"

"నీ తమ్ముణ్ణి కాబట్టే బతిమాలుతున్నా."

"మోటారు దానంతటదే తిరిగిందా? ఎవరో ఒకరు వేస్తేనేగా! ఆ వేసినవాళ్ళు ఎవరైనా సరే, జైల్లో కుళ్ళాలి. ఎవరైనా సరే!"

"అంతేసి మాటలు అనకక్కా. మా లా కాలేజీలో మాస్టారు ఒక గ్రీకు నాటకం చెప్పేవారు..."

"నా కొంప మునిగి నేనేడుస్తుంటే నాటకాలేంట్రా నాకు?"

"ఒక్క నిమిషం విను. రెండున్నర వేల ఏళ్ళనాటి కథ. ఒక రాజు, అంతకుముందున్న రాజుని చంపినవాణ్ణి పట్టుకుని తీరతానని ఊరందరి ముందూ శపథం పట్టాడు. వద్దన్నవాళ్ళందరి మీదా విరుచుకుపడ్డాడు. వెతికాడు, వెతికాడు..."

"దొరికాడా?"

"దొరికాడు. ఆ చంపినవాడు తనే."

"తనేనా? అదెలా?"

"ఎప్పుడో దారిలో ఎవరో ఎదురొస్తే గొడవపడి చంపేశాడు. ఆయన రాజని తెలీదు. తెలియక చేశాడు పాపం."

"ఏం శిక్ష వేశారు?"

"వాళ్ళూ వీళ్ళూ వెయ్యడమెందుకు? తన కళ్ళు తనే పొడుచుకున్నాడు."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు?"

"మన బోరుకి మొబైల్ స్టార్టర్ ఉంది కదా. ఎక్కణ్ణుంచైనా దాని నంబరుకి రింగిస్తే మోటారు తిరుగుద్ది."

"ఉంటే? దాని ఊసు ఇప్పుడెవరెత్తారు?"

"నేనే. దాని సిమ్ము కాల్ లిస్టు తెప్పించాను. ఇంకా ఎవరికీ చూపించలేదు."

"చింపెయ్."

"అక్కా..."

"చింపెయ్యమంటున్నానా!"

"చింపేస్తే అక్కడ ఆమోసు ఏమైపోతాడు? వాడికీ పిల్లలున్నారు."

"నా పిల్లాడు లేడురా! నా పిల్లాడు లేడు..."

"ఆరోజు పొద్దున్న ఆరుంబావుకి పటమట నుంచి ఒకే ఒక్క రింగు వెళ్ళింది."

"చెప్పకు. నీకు దణ్ణం పెడతా, చెప్పకురా."

"రోజూ స్టవ్ మీద పాలు పెట్టి నువ్విచ్చే రింగే. ఏళ్ళ తరబడి అలవాటు. వాడక్కడ వైరు పట్టుకుని ఉన్నాడని పటమటలో ఉన్న నీకెలా తెలుస్తుంది? తెలియక చేసినదాన్ని ఏ కోర్టూ హత్య అనదు. జడ్జిగారికి నేను చెప్పుకుంటాను. ఆమోసు ఇంటికి పోతాడు. నిన్ను ఒక్కరు కూడా ఒక్క మాట అనరు. ఊరుకో అక్కా, ఊరుకో. నీకు తెలీదు. అంతే."

"అదే చెప్తావా కోర్టులో? నాకు తెలీదని?"

"నిజం అదేగా!"

"ఆరింటికి వాడే ఫోన్ చేశాడురా. 'అమ్మా, ఇవాళ రింగివ్వకు, నేను బోరు దగ్గరున్నా' అన్నాడు. 'సరే నాన్నా' అన్నాను."