కిందికి చూసిన మిసైల్

మళ్ళీ అదే ప్రశ్నా? మీకు విసుగు రావట్లేదేమో గానీ సార్, చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెడుతోంది. నాకెవరూ చెప్పలేదు. నేనెక్కడా దొంగిలించలేదు. మీవాళ్ళ అసలు మిసైల్ నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలీదు. నేను కంప్యూటర్ ఆటలు తయారుచేసే మనిషిని సార్. ఆటలు!

ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి. కావాలనే వేశారా ఏంటి? నేను కాస్త కదిలితే చాలు టక్కుమంటోంది. వెంటనే మీరు నేనేదో దాచేసినట్టు తలెత్తి చూస్తున్నారు. గదికి కిటికీ అయినా లేదు. బయట ఎండగా ఉందో, వాన పడుతోందో!

ఒక్క నిమిషం బయటికి వెళ్ళొస్తాను సార్. బెంచీ మీద మా మావయ్యగారు కూర్చున్నారు. మా ఆయన వాళ్ళ నాన్నగారు. వేళకి తినకపోతే ఆయనకి షుగర్ పడిపోతుంది. ఏదైనా తినండని చెప్పి వచ్చేస్తాను... వద్దా? సరే లెండి. ఆయనకేం, పెళ్ళికి వెళ్తున్నట్టు ఇంత సంచీ సర్దుకుని మరీ వచ్చారు. మా ఆయన ఊళ్ళో లేరు. మీ దగ్గర్నుంచి ఫోన్ రాగానే ఆయనే చొక్కా ఇస్త్రీ చేసుకుని, "నేనూ వస్తానమ్మాయ్" అన్నారు. అంతే. ఆయన రోజు మొత్తం మీద మాట్లాడే మాటలు పోగేస్తే ఒక వాక్యం కూడా అవదు.

అయినా మీరేంటి సార్, కుర్చీ గురించి చెప్పినా రాసుకుంటున్నారు!

సరే, మొదట్నుంచీ చెప్తాను. ఈసారైనా సరిగ్గా వినండి.

మా గేమ్ ఆడేవాడు ఇంట్లో కూర్చుని యుద్ధవిమానం నడుపుతాడు. ఎదుటివాడు వాడి మీదికి మిసైల్ వదులుతాడు. ఆ మిసైల్ ముక్కులో చిన్న రాడార్ ఉంటుంది. దాంతో చూసుకుంటూ వీడి వెంటపడుతుంది. అది ఎప్పుడు చూడాలి, ఎప్పుడు మోసపోవాలి, మోసపోయాక ఏం చెయ్యాలి, ఇవన్నీ రాసేది నేను. ఆఫీసులో నన్ను మిసైళ్ళమ్మ అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే పలకను.

రాడార్‌కి ఒక బలహీనత ఉంది... అలా కనుబొమ్మలెత్తకండి సార్, ఇదేం రహస్యం కాదు, లైబ్రరీలో దొరికే పుస్తకాల్లో ఉంటుంది! తనవైపు దూసుకొచ్చేదాన్ని చక్కగా చూస్తుంది. తననుంచి పారిపోయేదాన్నీ చూస్తుంది. అడ్డంగా పోయేదాన్ని మాత్రం, నేలో కొండో అనుకుని వదిలేస్తుంది. అందుకే విమానంలో హెచ్చరిక మోగగానే ఆడేవాళ్ళంతా అడ్డంగా తిరిగేస్తారు. మిసైల్‌కి కళ్ళు పోతాయి. ఇంతవరకూ లోకమంతటికీ తెలుసు.

కళ్ళు పోయాక ఏం చేస్తుంది? గొడవంతా అక్కడే వచ్చింది.

మా పాత మిసైల్ కళ్ళు పోతే అలాగే తిన్నగా పోయి ఎక్కడో కూలిపోయేది. ఆడేవాళ్ళు నా ప్రాణం తోడేశారు. "తప్పిపోయిన చెప్పు కోసం కూడా మా ఇంట్లో ఇంతకంటే బాగా వెతుకుతారు" అని రాశాడు ఒకడు. ఇంకొకడు, దీన్ని తయారుచేసినవాళ్ళకి పెద్ద నమస్కారం అన్నాడు. ఆ నమస్కారం ఎలాంటిదో చదివితే గానీ తెలీదు. మా బాస్ వచ్చి నా నెత్తిన కూర్చున్నాడు. వాళ్ళ నోళ్ళు మూయించేదాకా నీకు వేరే పని లేదన్నాడు.

అందుకని పని ఇంటికి తెచ్చుకుని మరీ చేశాను. వెతకడం నేర్పాను దానికి. పైకి చూడమన్నాను. పక్కకి చూడమన్నాను. ఏదీ కుదర్లేదు. చివరికి కుదిరింది. ఎలాగంటే, లక్ష్యం తప్పిపోగానే అది కంగారుపడదు. రాడార్ ఆపేసి, ఏమీ పట్టనట్టు అలా పోతూ ఉంటుంది. విమానంలో హెచ్చరిక ఆగిపోతుంది. లోపలున్నవాడు హమ్మయ్య, వదిలేసింది అనుకుంటాడు. అప్పుడు తల కిందికి దించి, మళ్ళీ కళ్ళు తెరుస్తుంది.

కిందికే ఎందుకంటే... భయపడ్డవాడు కిందికే పోతాడు కదా సార్. నేలని అంటిపెట్టుకుని దాక్కుందామని చూస్తాడు.

అదిగో! ఇక్కడికి రాగానే మీ పెన్ను ఆగుతుంది. ఇందాకా ఇక్కడే ఆగింది. అంటే అసలుదీ అంతేనా? మీ మిసైల్ కూడా అలాగే ఆగి, అలాగే కిందికి చూస్తుందా?

చెప్పరు. చెప్పకపోతే మానెయ్యండి, మీ మొహమే చెప్తోంది.

మా బాస్‌ని కూడా పిలిచారా? ఏమన్నాడు? నాకేం తెలీదు, అంతా ఆవిడే చేసింది అన్నాడా? అంటాడు. గేమ్ బాగా ఆడినప్పుడు మా టీమ్ అన్నాడు. ఇప్పుడు ఆవిడ అయిపోయానా నేను? చేతులు భలే దులుపుకున్నాడు.

ఏంటీ? జైలా?

దేనికండీ? ఊహించినందుకా? కూర్చుని ఆలోచించినందుకా? నా ఆలోచన మీదాంతో కలిస్తే నేను దొంగనైపోతానా?

మా ఆయన్నెందుకు పిలవడం? ఆయన కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే మనిషి సార్. వచ్చినవాళ్ళకి అక్షరాలు చదివించి అద్దాలు బిగించి పంపిస్తారు. ఆయనకి మా గేమ్ ఆన్ చెయ్యడం కూడా రాదు. ఆయన్ని ఇందులోకి లాగకండి. మీకు దండం పెడతాను.

...

పెన్ను మూసేశారు. మంచిది. ఆ మాత్రం మంచినీళ్ళు ఇప్పించారు, అదీ మంచిదే. ఇందాకట్నుంచి గొంతు ఎండిపోయింది. గోడకేసి చూస్తున్నారేంటి, మీకూ అలసట వచ్చిందా? వస్తుంది మరి. పొద్దున్నుంచీ నా గోలే కదా.

నమ్మారన్నమాట. నాకు తెలుసు, మీరు మంచివారే. ఆ రాసుకునే అలవాటు ఒక్కటే బాగాలేదు.

చెప్తున్నా కదా, నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. వంట చేసేటప్పుడు ఉప్పు సరిపోయిందా అని నోటితో అడుగుతామా? తినేవాళ్ళ మొహం చూస్తే తెలిసిపోదూ? అలాగే చేశాను నేను. చూసుకుంటూ, వింటూ. అంతే.

ఎవరి మొహమా? ఇంకెవరిది, మా మావయ్యగారిది.

నవ్వొస్తుంది చెప్తే. నా కంప్యూటర్ వంటగది పక్కన భోజనాల బల్ల మీదే ఉంటుంది. వెనక కుర్చీలో కూర్చుని ఆయన బీన్స్ ఈనెలు తీస్తుంటారు. నా పని గురించి ఏనాడూ ఒక్క ముక్క అడగలేదు. ఒకరోజు మిసైల్ తిన్నగా పోయి కూలిపోయింది. వెనకనుంచి "ప్చ్" అని వినిపించింది. తిరిగి చూస్తే ఆయన బీన్స్‌లోకి చూస్తున్నారు, తనకేం సంబంధం లేనట్టు!

మర్నాడు పైకి చూసేలా మార్చాను. ప్చ్. పక్కకి చూసేలా మార్చాను. ప్చ్. వెంటనే వెతికేలా చేశాను. దానికైతే ప్చ్‌తో పాటు చిన్న నిట్టూర్పు కూడా!

మీకు తెలీదు సార్, మా అత్తయ్య పోయాక ఆ ఇంట్లో మాటే ఉండేది కాదు. తండ్రీకొడుకులు రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్నవాళ్ళలా ఉండేవాళ్ళు. అలాంటిది ఆ ప్చ్ వినిపించేసరికి నాకెంత సంతోషమేసిందో. నాతో మాట్లాడుతున్నట్టే అనిపించింది. ఆఫీసులో పనంతా ఆపి, సాయంత్రం కోసం చూసేదాన్ని, ఇవాళ మావయ్యగారు ఏమంటారో అని. ఎప్పటికైనా ఆయనచేత ప్చ్ అనిపించుకోకుండా ఉండాలి. నా పట్టుదలంతా అదే. ఆడేవాళ్ళని నేనెప్పుడో మర్చిపోయాను.

ఆఖరికి, ఆగి కిందికి చూసేలా చేసిన రోజున వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. గెలిచాననుకుని చటుక్కున తిరిగాను. బీన్స్ నేలమీద పడున్నాయి. ఆయన తెర వైపే చూస్తున్నారు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. లేచి గదిలోకి వెళ్ళిపోయారు. భోజనానికి కూడా రాలేదు.

బాగా నచ్చింది కాబోలు అనుకున్నాను.

మర్నాడు నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చారు. "అమ్మాయ్, ఆ పాతదే బాగుంది కదా" అన్నారు. నా పని గురించి ఆయన నోరు విప్పింది అదొక్కసారే. ఏడిపిస్తున్నారనుకున్నాను. "పోండి మావయ్యా, ఆడేవాళ్ళందరికీ పంపించేశాం కూడా" అన్నాను. "పంపించేశారా" అన్నారు. చెయ్యి చాచి గుమ్మం పట్టుకున్నారు.

ఉద్యోగమా? ఆయనదా? ఏముంది, విమానాల షెడ్డులో వైర్లు చూసుకునేవారు. అత్తయ్యకి కూడా అంతకంటే తెలీదు. ఎవరైనా అడిగితే "వైర్లు" అని ఊరుకునేవారు. అత్తయ్య నవ్వేది, కాపురమంతా వైర్లతోనే చేశానే అని...

పెన్ను మళ్ళీ ఎందుకు తీశారు?

మీకు ఆయన సంగతి ముందే తెలుసు కదా సార్? గేటు దగ్గర రాసుకున్నారు కదా? తెలీదా? అంటే ఇప్పటిదాకా... ఇప్పుడు నేను చెప్పేదాకా...

లేదు లేదు. ఉండండి. మీరు తప్పుగా అనుకుంటున్నారు. ఆయనేం చెప్పలేదు. ఒట్టు! ఒక్క మాట చెప్పలేదు. ప్చ్ అన్నారు అంతే. ప్చ్ అనడం నేరమా? ముసలాయన బీన్స్ ఒలుచుకుంటూ నోటితో చప్పుడు చేస్తే అది కూడా...

నేరమేనా?

పొద్దున ఈ బిల్డింగ్‌లోకి రాగానే, ఎటు వెళ్ళాలో తెలీక నేను నిలబడిపోయాను. ఆయన ముందు నడిచారు. మెట్లెక్కి, ఆ పొడుగాటి వరండా తిరిగి, తిన్నగా ఈ గది ముందుకి తీసుకొచ్చారు. ఎవర్నీ అడగలేదు. బోర్డులు చదువుకుంటూ వస్తున్నారులే అనుకున్నాను.

ఇక్కడ బోర్డులు లేవు కదా సార్.

మీరు ఇందాక పెన్ను మూసేశారు. గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నేను నమ్మాను. మీ చూపు పక్కకి పోయిందనుకున్నాను, వదిలేశారనుకున్నాను. అలాగే కదా నా మిసైల్ కూడా చేసేది! నా చేతులతో నేనే రాశాను, ఆగమని, ఏమీ పట్టనట్టు పొమ్మని. భయపడ్డదాన్ని నేనెక్కడికి పోతాను? ఇంట్లోకే పోయాను. ఆయన కుర్చీ వెనక్కి పోయి దాక్కున్నాను.

జైలంటే భయమేసింది సార్. నిజం చెప్తున్నాను. నా మీద ఉన్న నింద ఎలాగైనా దిగిపోవాలని మాత్రమే చూశాను. అది ఎవరి మీదికి పోతుందో చూసుకోలేదు.

ఎక్కడికి లేస్తున్నారు? ఆగండి. నాదే తప్పని రాసుకోండి. దొంగిలించాననే రాసుకోండి, సంతకం పెడతాను. ఎక్కడ పెట్టాలో చెప్పండి!

వినరా?

ఆ సంచీ జిప్పు పట్టకపోతే పొద్దున నేనే లాగి వేశాను. బట్టలున్నాయి. తువ్వాలుంది. దుప్పటి కూడా పెట్టుకున్నారు. మాత్రల అట్టలు ఇంట్లో ఎన్నుంటే అన్నీ తెచ్చేసుకున్నారు, సొరుగు ఖాళీ. ఒక్క పూట పనికి ఇన్నెందుకు మావయ్యా అని నేను పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వారు.

నా కోసం తోడు వస్తున్నారనుకున్నాను.

సరే, వెళ్ళండి. ఆ మాత్రలు మాత్రం లాక్కోకండి. తలుపు కాస్త మెల్లగా తీయండి సార్. ఆయన లేచి నిలబడే ఉంటారు.