మూడు మిషిన్లు, ఒకటే తాళం

శుక్రవారం, సెలవురోజు పొద్దున హమ్రియాలో ఖాదర్‌వలి చాయ్ దుకాణం ముందు ఓంకార్ మాట్లాడుతున్నాడు. పక్కనున్న రూవీలో ఒక కంపెనీ ఆఫీసులో అతనికి డ్యూటీ. చుట్టూ ఉన్నవాళ్లంతా అతనిలాగే దేశం దాటి వచ్చి, అదే కంపెనీ సైట్లలో పనిచేసేవాళ్లు.

"నేను గొప్పలు చెప్తలేను. ఒక కంప్యూటర్ ఫ్లాపీకి తాళమేసిన, గంతే. ఇనుప తాళం కాదు, లోపలున్న అక్షరాలను కలగాపులగం చేసుడు. పాస్‌వర్డ్ కొడితేనే మల్ల మంచిగైతయి. అది జూసి మేనేజర్ ఏమన్నడో ఎర్కేనా? 'ఓంకార్, ఈడ డాస్ మిషిని, ఇంజనీరింగ్ రూముల ఆపిల్ మిషిని, సోహార్ ఆఫీసుల యూనిక్స్ మిషిని. ఒకదాని డిస్కు ఇంకోదాంట్ల పెడితే గుర్తువట్టది, తుడిచెయ్యాల్నా అని అడుగుతది. మూడింట్ల తెరుచుకోవాలె, దొంగకు తెరుచుకోవద్దు' అన్నడు."

"నువ్వేం జేసినవే?" అన్నాడు రఘుపతి.

"ఆఫీసు పెద్ద డిస్కుకే ఏసిన. మూడు మిషిన్లకు ఒకటే తాళం, ఒకటే పాస్‌వర్డ్. లండన్ నుంచి ఇద్దరు దొరలొచ్చి కూసున్నరు, తీయశాతగాక ఒకాయన ఏడ్సిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డిస్కును జీపుల సోహార్‌కు తీస్కపోతాంటే, దారిపొడుగూత పెట్రోల్ బంకులు వాటంతటవే లాకైనయి. సూర్ రేవుల పడవ ఇంజన్ సుత పాస్‌వర్డ్ అడిగిందట."

రహీం చేతిలో సమోసా నోటిదాకా వెళ్లలేదు. "యా అల్లా" అని మాత్రం అన్నాడు.

మూలన కూర్చున్న మేస్త్రీ మల్లేశం లేచి దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆఫీసు డిస్కుకు తాళం నువ్వే ఏసినవా?"

"నేనే."

"ఊరికి పోయే నా ఛుట్టీ కాయితాలు దాంట్లనే ఉన్నయట. తెరుచుకుంటలేదని నెల సంది తిప్పుతున్నరు. ఇంటికాడ బిడ్డ పుట్టింది, ఇంకా మొకం సూడలే. ఎందుకేసినవన్నా? జెర తియ్యి, నీ కాల్మొక్త."

ఓంకార్ గ్లాసు కింద పెట్టాడు. అందరూ అతన్నే చూస్తున్నారు.

"మల్లేశం, నేను ఆ రూముల చాయ్ గ్లాసులు ఎత్తేటోన్నిరా. ఆ మిషిని యాడ ఒత్తితే ఎలుగుతదో సుత నాకు తెల్వది."

ఎవరూ నవ్వలేదు. మల్లేశం అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అయితే రేపు నాతోని రా అన్నా. మేనేజర్ ముంగట నాకు నోరు రాది. గీడ చెప్పినట్టు ఆడ నా గురించి చెప్పు."

ఓంకార్ తల దించుకున్నాడు.

"ఆయన ముంగట నాకు సుత రాది తమ్మీ."